క్షమించాక మళ్లీ పెళ్లాడాలా? ఆమిష్ ప్రేమ నవలల్లో ‘రెండో అవకాశం’ పుట్టే తీరు

క్లుప్తంగా: అమెరికాలోని ఆమిష్ సమాజం చుట్టూ అల్లిన ప్రేమ నవలల్లో, ఒకప్పుడు విడిపోయిన జంట మళ్లీ కలవడం బాగా అమ్ముడుపోయే కథ. విడాకులే లేని సమాజంలో ఇలాంటి కథకు చోటెక్కడిదన్న సందేహం పాఠకులకు సహజంగానే వస్తుంది. బాప్తిస్మం, వెలి, మారుమనువు, క్షమ విషయాల్లో ఆమిష్‌లు పెట్టుకున్న కట్టుబాట్లే ఆ చోటు కల్పిస్తున్నాయి. అవి కథను ఎలా నడుపుతాయి, బయటి పాఠకులు ఇందులో ఏం వెతుక్కుంటారు, నవల అసలు జీవితం నుంచి ఎక్కడ పక్కకు వెళుతుంది అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లను పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీకి తీసుకెళ్లడం మామూలే. కరెంటు తీగ లేని ఇళ్లు, కార్ల పక్కనే సాగే గుర్రపు బగ్గీలు, దండెం మీద వరసగా ఆరేసిన ముదురు రంగు బట్టలు చూసి వస్తారు. అక్కడి దుకాణాల్లో ఊరగాయ సీసాలు, చేత్తో కుట్టిన బొంతల పక్కన కొన్ని నవలలు కూడా ఉంటాయి. వాటి అట్టలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తెల్లటి పలచని టోపీ పెట్టుకున్న అమ్మాయి, ఆమె వెనక మొక్కజొన్న చేను, దూరంగా ఒక బగ్గీ. వెనక అట్ట మీది నాలుగు వాక్యాలు చదివితే చాలాసార్లు కథ కూడా ఒకటే: ఏళ్ల క్రితం వదిలి వెళ్లినవాడు తిరిగొచ్చాడు, ఆమె ఏం చేస్తుంది?

ప్రేమ నవలల వ్యాపారంలో దీన్ని ‘సెకండ్ ఛాన్స్’ కథ అంటారు. ఇది ఆమిష్ నవలలకే సొంతమైంది కాదు. జేన్ ఆస్టెన్ చివరి నవలలో కూడా ఎనిమిదేళ్ల క్రితం కాదనుకున్నవాడే మళ్లీ ఎదురవుతాడు. మామూలు ప్రేమ నవలలో ఇద్దరినీ విడదీసేది అపార్థమో, అహంకారమో, ఉద్యోగమో అవుతుంది. ఆమిష్ నవలలో ఆ పని కట్టుబాటు చేస్తుంది. వాళ్లను తిరిగి ఒక దగ్గరికి చేర్చేదీ కట్టుబాటే. ఈ సంగతి పట్టుకుంటే ఆ అర మీది సగం పుస్తకాల లోపలి నిర్మాణం అర్థమవుతుంది.

## ఎవరీ ఆమిష్‌లు

1525లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో కొందరు క్రైస్తవులు, పసిపిల్లలకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదని, తెలిసి నమ్మి తీసుకున్నదే బాప్తిస్మమని తేల్చుకున్నారు. వాళ్లకు అనాబాప్టిస్టులని పేరొచ్చింది. అటు కేథలిక్ పాలకులు, ఇటు ప్రొటెస్టంట్ పాలకులు కూడా వాళ్లను వేటాడి చంపారు. ఆ పరంపరలోనివాళ్లే మెన్నోనైట్లు. సంఘం నుంచి బహిష్కరించినవాళ్లతో కలిసి భోంచేయవచ్చా, లావాదేవీలు పెట్టుకోవచ్చా అన్న వాదన 1693లో ముదిరింది. కూడదని గట్టిగా పట్టుబట్టిన యాకోబ్ అమ్మన్ వెంట వెళ్లినవాళ్లు ఆమిష్‌లయ్యారు. ఆ చీలికకు ముఖ్య కారణాల్లో వెలి ఒకటి. ప్రేమ నవలల్లో వెలికి అంత బరువు ఎందుకుందో ఇక్కడే తెలుస్తుంది.

పాలమూరు ప్రాంతంలో, శంషాబాద్‌లో కనిపించే మెన్నోనైట్ బ్రెదరెన్ సంఘాలు కూడా ఆ అనాబాప్టిస్టు వంశవృక్షంలోని కొమ్మే. ఆచారాలు పూర్తిగా వేరైనా, బాప్తిస్మం ఎవరికి వాళ్లు ఎంచుకోవలసిందన్న మూలసూత్రం ఒకటే.

పద్దెనిమిదో శతాబ్దంలో ఆమిష్‌లు పెన్సిల్వేనియాకు వలస వచ్చారు. 2024 నాటి అంచనాల ప్రకారం ఉత్తర అమెరికాలో వాళ్ల జనాభా సుమారు 4 లక్షలు. ఇరవై ఏళ్లకోసారి దాదాపు రెట్టింపవుతోంది. ఇరవై నుంచి నలభై కుటుంబాలు కలిస్తే ఒక సంఘం. చర్చి భవనం ఉండదు. వారం విడిచి వారం ఒక్కో ఇంట్లో ఆరాధన జరుగుతుంది, బల్లలు బండిలో ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్తాయి. బడి చదువు ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. ఏ ఫోను ఎక్కడ పెట్టుకోవచ్చు, టోపీ మడత ఎలా ఉండాలి లాంటివి ఒక్కో సంఘం ఒప్పుకున్న ‘ఆర్డ్నుంగ్’ (కట్టుబాట్ల క్రమం) చెబుతుంది.

ఈ వివరాల్లో కథకు పనికొచ్చేది సంఘం చిన్నదనం. నగరంలో విడిపోయిన జంట జీవితంలో మళ్లీ ఎదురుపడకపోవచ్చు. ఇక్కడ గుర్రం ఎంత దూరం లాగగలదో లోకం అంతే. వదిలేసి వెళ్లినవాడు ఊరికి వచ్చాడంటే రెండు వారాల్లోపు ఎవరో ఒకరింట్లో, మగవాళ్ల వరస ఎదురుగా ఉన్న ఆడవాళ్ల వరసలోంచి, మూడు గంటలసేపు అతని ముఖం ఆమె చూడవలసిందే. కొట్టం కట్టడానికి ఊరంతా కదిలినప్పుడు అతనికి మజ్జిగో నిమ్మరసమో అందించాల్సింది ఆమే కావచ్చు. ఇద్దరినీ కలపడానికి రచయిత్రి యాదృచ్ఛిక సంఘటనలు వెతుక్కోనక్కర్లేదు.

## ఈ నవలల పుట్టుక

ఆమిష్‌ల గురించి కథలు ఇరవయ్యో శతాబ్దం మొదటి నుంచీ ఉన్నాయి. ఇప్పుడు మనం చూస్తున్న తరహా ప్రేమ నవలకు మాత్రం 1997లో బెవర్లీ లూయిస్ రాసిన ‘ద షన్నింగ్’ను మొదలుగా చెబుతారు. ఆ పేరుకు అర్థమే ‘వెలి’. పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. దాని తర్వాతి భాగాల్లో, నీళ్లలో మునిగి చనిపోయాడనుకున్న నాయిక మొదటి ప్రియుడు బతికే ఉన్నాడని తేలుతుంది. రెండో అవకాశం ఈ కోవకు తర్వాత ఎవరో జోడించిన మసాలా కాదన్నమాట, పునాదిలోనే ఉంది.

2006 అక్టోబర్ 2న లాంకాస్టర్ కౌంటీలోని నికెల్ మైన్స్ గ్రామంలో ఒక దుండగుడు ఆమిష్ బడిలోకి చొరబడి పదిమంది ఆడపిల్లలపై కాల్పులు జరిపాడు. ఐదుగురు చనిపోయారు. అతనూ కాల్చుకుని చనిపోయాడు. ఆ రోజు గడవకముందే కొందరు ఆమిష్ పెద్దలు హంతకుడి కుటుంబాన్ని కలిసి, మీమీద మాకు ద్వేషం లేదని చెప్పి వచ్చారు. అతని అంత్యక్రియలకు కూడా వెళ్లారు. ప్రపంచమంతా ఆ వార్త చదివింది. ఆ తర్వాత సగటు అమెరికన్‌కు ఆమిష్ అనగానే బగ్గీతో పాటు క్షమ కూడా గుర్తుకొచ్చే పరిస్థితి ఏర్పడింది.

అమ్మకాలు పెరగడానికి ఆ ఒక్క ఘటనే కారణమని తేల్చలేం కానీ, ఉప్పెన వచ్చింది ఆ తర్వాతి ఏళ్లలోనే. ఈ నవలలపై 2013లో పరిశోధన గ్రంథం వెలువరించిన వాలెరీ వీవర్-జర్చర్ లెక్క ప్రకారం, 2012 నాటికి సగటున నాలుగు రోజులకో కొత్త ఆమిష్ ప్రేమ నవల వస్తోంది. వాండా బ్రన్‌స్టెటర్, సిండీ వుడ్‌స్మాల్ లాంటి పేర్లు బెస్ట్ సెల్లర్ జాబితాల్లో స్థిరపడ్డాయి. నెలనెలా వచ్చే చిన్న ప్రేమ నవలల వరసల్లో కూడా ఆమిష్ కథలకు ప్రత్యేక స్థానం దొరికింది.

## ముడి విప్పేది మరణమే

ఆమిష్ సంఘంలో విడాకులు లేవు. భర్త సంఘాన్నీ ఇంటినీ వదిలి వెళ్లి కోర్టులో విడాకులు తీసుకున్నా, అతను బతికి ఉన్నంతకాలం ఇక్కడున్న భార్య మళ్లీ పెళ్లి చేసుకోవడానికి వీల్లేదు. బాప్తిస్మం తీసుకున్న ఆమిష్‌లు బాప్తిస్మం తీసుకున్న ఆమిష్‌లనే పెళ్లాడాలి. భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్ల పెళ్లికి మాత్రం అడ్డు లేదు.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక పొరపాటు పడే అవకాశం ఉంది. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహం, దానికి ఎదురైన బహిష్కారాలు మన చదువుల్లో భాగం. కట్టుబాట్ల సమాజం అనగానే వితంతువు పెళ్లికి ఊరు అడ్డుపడుతుందనే అనుకుంటాం. ఆమిష్ నవలలో ఆ ఘర్షణ ఉండదు. పిల్లలున్న వితంతువు, పిల్లలున్న భార్యలేని మనిషి ఒక్కటైతే ఊరు సంతోషిస్తుంది. నిజానికి నాయిక మీద ఒత్తిడి రెండో వైపు నుంచి వస్తుంది. పిన్నులు, అత్తలు, బిషప్ భార్య కలిసి ఫలానావాడు మంచివాడు, అతని పిల్లలకు తల్లి లేదు, ఇంకా ఎన్నాళ్లు ఒంటరిగా ఉంటావని అడుగుతుంటారు. ప్రేమ కోసం కాకుండా ఇల్లు నిలబెట్టుకోవడం కోసం జరిగే ఆ పెళ్లిలో ప్రేమ ఎప్పుడు మొలుస్తుందన్నది కొన్ని నవలల్లో మొత్తం కథ.

మరణమే దారి కావడంతో రచయిత్రులు భర్తల్ని రెండు రకాలుగా చంపుతారు. మంచి భర్త పోతే నాయికకు అపరాధ భావం మిగులుతుంది. చనిపోయినవాడి స్థానంలో ఇంకొకర్ని ఊహించుకోవడమే ద్రోహంలా ఉంటుంది. ఇక చెడ్డ భర్త పోతే, ఊరికి తెలియని కష్టమొకటి ఆమె లోపల ఉండిపోతుంది. అందరూ అతన్ని మంచివాడనే గుర్తుంచుకుంటారు, కాదని చెప్పడానికి ఆమెకు నోరు రాదు. ఈ రెండో రకం నవల పేరుకి వితంతువు కథ. పనితీరులో మాత్రం అది విడాకుల కథ. నాయిక ఏ తప్పూ చేయకుండా, ఏ నియమాన్నీ దాటకుండా, ఒక చెడ్డ పెళ్లి నుంచి బయటపడే మార్గాన్ని రచయిత్రి ప్రమాదం రూపంలో సమకూరుస్తుంది. విడాకులు చూసిన, లేదా చెడ్డ పెళ్లిలో ఉండి విడాకులు తీసుకోలేకపోయిన పాఠకురాలు ఈ కథలో తనను చూసుకోగలదు. ఈ కోవ బలంలో ఒక భాగం బహుశా ఇక్కడే ఉంది.

## బాప్తిస్మానికి ముందా, తర్వాతా?

పదహారేళ్ల నుంచి బాప్తిస్మం వరకు గడిచే కాలాన్ని ‘రుమ్‌స్ప్రింగా’ అంటారు. తల్లిదండ్రుల అదుపు కాస్త సడలుతుంది, సంఘం అదుపులోకి ఇంకా రాలేదు. టీవీ కార్యక్రమాలు చూపినంత విచ్చలవిడితనం అందరిలోనూ ఉండదు. చాలామందికి అది ఆదివారం రాత్రి కుర్రకారు కలిసి పాటలు పాడుకునే కాలం, ఇష్టమైన అమ్మాయిని బగ్గీలో ఇంటి దగ్గర దింపే కాలం. చివరికి 85 శాతం పైగా పిల్లలు సంఘంలోనే చేరతారు.

ప్రియుడు ఊరు వదిలి వెళ్లింది బాప్తిస్మానికి ముందా, తర్వాతా అన్నది ఈ నవలల్లో మొదట గమనించాల్సిన ప్రశ్న. ముందే వెళ్లిపోయినవాడు దేవుడికీ సంఘానికీ మాట ఇవ్వలేదు. అతనికి వెలి ఉండదు. తిరిగొస్తే తల్లి అన్నం పెడుతుంది, తండ్రి పొలంలో పని చూపిస్తాడు. అడ్డంకి అంతా ఆమె మనసులోనే. బాప్తిస్మం తీసుకున్నాక వెళ్లినవాడు మోకాళ్ల మీద చేసిన ప్రమాణం తప్పినవాడు. అతనికి వెలి పడుతుంది. ఒకే ఇంట్లో అతనికి వేరే బల్ల వేస్తారు, అతని చేతి నుంచి నేరుగా ఏదీ తీసుకోరు. అతన్ని ప్రేమించడం అంటే సంఘాన్ని ధిక్కరించడమే.

అనాబాప్టిస్టుల 1632 నాటి డోర్డ్రెక్ట్ విశ్వాస ప్రకటనలో వెలి గురించిన నియమం ఉంది. వెలికి గురైనవాడికి అన్నం, బట్ట అవసరమైతే ఇవ్వాలని, అతన్ని శత్రువుగా చూడకుండా సరిదిద్దడానికి ప్రయత్నించాలని కూడా అందులోనే ఉంది. తప్పు ఒప్పుకుని సంఘం ముందు మోకరిస్తే తిరిగి చేర్చుకుంటారు. తలుపు మూస్తారు, గడియ మాత్రం లోపలి నుంచి పెట్టరు. సెకండ్ ఛాన్స్ కథకు ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఊహించడం కష్టం.

ఇక్కడ ఏడాది కాలచక్రం కూడా రచయిత్రికి సాయపడుతుంది. లాంకాస్టర్‌లో బాప్తిస్మ పాఠాలు వేసవిలో జరుగుతాయి, డోర్డ్రెక్ట్ ప్రకటనలోని 18 అంశాలు చదివిస్తారు. బాప్తిస్మం శరదృతువులో. పంట ఇంటికి చేరాక, సంప్రదాయంగా నవంబర్, డిసెంబర్ నెలల మంగళ, గురువారాల్లో పెళ్లిళ్లు. అందుకే ఎన్నో నవలల్లో నాయకుడు వసంతంలో తిరిగొస్తాడు. పాఠాల్లో కూర్చుంటాడా లేదా అన్నది జూన్ నాటి టెన్షన్, బాప్తిస్మం తీసుకుంటాడా లేదా అన్నది సెప్టెంబర్ నాటి టెన్షన్. పెళ్లి నవంబర్‌లో. ఏడు నెలల గడువు సంఘమే పెట్టేసింది.

## గుట్టుగా సాగే ప్రేమ

లాంకాస్టర్ ఆమిష్‌లలో ఎవరు ఎవరితో తిరుగుతున్నారన్నది పెద్దగా బయటికి రానివ్వరు. నిశ్చయమైన పెళ్లి కూడా గుట్టుగానే ఉంచి, పెళ్లికి కొద్ది వారాల ముందు సంఘంలో డీకన్ (సంఘ పరిచారకుడు) ప్రకటిస్తాడు. మన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ సంఘాల్లో పెళ్లి ప్రకటన ఆదివారం ఆరాధనలో చదివే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. అంతవరకూ ఊరు ఆనవాళ్లను బట్టి ఊహించాల్సిందే. పెళ్లి భోజనంలో సెలెరీ ఆకుకూర కాడలు విరివిగా వాడతారు. ఫలానా ఇంటి పెరట్లో ఈ ఏడు సెలెరీ మడులు ఎక్కువగా ఉన్నాయంటే ఆ ఇంటి పిల్లకు పెళ్లి కుదిరిందని గుసగుసలు మొదలవుతాయి.

ఈ గుట్టు వల్ల, విడిపోవడం కూడా గుట్టుగానే జరుగుతుంది. ఆమె గుండె పగిలిందని తల్లికి తప్ప ఎవరికీ తెలియకపోవచ్చు. నాలుగేళ్ల తర్వాత అతను తిరిగొస్తే, వీళ్లిద్దరి మధ్య ఒకప్పుడు ఏదో ఉండేదని తెలియని చెల్లెలు అతన్ని ఇష్టపడటం ఈ నవలల్లో తరచూ ఎదురయ్యే మలుపు. ఇంట్లో ఫోన్ ఉండదు కాబట్టి ఉత్తరాలే ఆధారం. అందని ఉత్తరం, ఎవరో దాచేసిన ఉత్తరం ఇప్పటి కాలపు కథల్లో కృతకంగా కనిపిస్తాయి. ఇక్కడ అవి సహజంగా ఇమిడిపోతాయి. అందరూ వాట్సాప్‌లో దొరికే ఈ రోజుల్లో ప్రేమ కథకు దూరం సృష్టించడం కష్టమైపోయింది. ఆమిష్ ఊళ్లో ఆ దూరం ఇంకా మిగిలే ఉంది.

## క్షమ ముందే ఇచ్చేస్తే కథెలా నడవాలి?

మామూలు సెకండ్ ఛాన్స్ నవలలో క్షమ చివర్లో దొరికే బహుమతి. తప్పు చేసినవాడు వెంటపడాలి, బతిమాలాలి, తన మార్పు నిరూపించుకోవాలి. అప్పుడు ఆమె కరుగుతుంది. పాఠకురాలు మూడు వందల పేజీలు ఎదురుచూసేది ఆ క్షణం కోసమే.

ఆమిష్ నవలకు ఆ సౌకర్యం లేదు. ‘మీరు మనుష్యులను క్షమించకపోతే మీ తండ్రి మిమ్మల్ని క్షమించడు’ అనే భావం మత్తయి సువార్త 6వ అధ్యాయంలో, ప్రభువు నేర్పిన ప్రార్థన వెంటనే వస్తుంది. ఆమిష్‌లు దీన్ని అక్షరాలా తీసుకుంటారు. 1569లో నెదర్లాండ్స్‌లో డిర్క్ విలెమ్స్ అనే అనాబాప్టిస్టు ఖైదు నుంచి తప్పించుకుని గడ్డకట్టిన నీళ్ల మీదుగా పారిపోతుంటే, తరుముతున్న భటుడు మంచు విరిగి మునిగిపోయాడు. విలెమ్స్ వెనక్కి వచ్చి అతన్ని కాపాడాడు, పట్టుబడి సజీవ దహనమయ్యాడు. 1660లో అచ్చయిన హతసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల) గ్రంథంలో ఈ కథ ఉంది, ఆ గ్రంథం ఇప్పటికీ ఆమిష్ ఇళ్లలో కనిపిస్తుంది. శత్రువునే క్షమించాలని నేర్చుకుంటూ పెరిగిన పిల్ల, మాట తప్పిన ప్రియుణ్ని క్షమించనని ఎలా అంటుంది? మొదటి అధ్యాయంలో అతను ఎదురుపడి తప్పయిందంటే, ఆమె ‘క్షమించాను’ అని వెంటనే చెప్పాల్సిందే.

మరి మిగిలిన పేజీల్లో ఏముంటుంది? నికెల్ మైన్స్ తర్వాత ఆమిష్ క్షమను అధ్యయనం చేసిన పండితులు చూపిన ఒక తేడా ఇక్కడ పనికొస్తుంది. క్షమించాలన్న నిర్ణయం వేరు, క్షమించిన మనసు వేరు. నిర్ణయం ఒక్క రోజులో జరగవచ్చు. కోపం, బాధ కరగడానికి ఏళ్లు పట్టవచ్చు. క్షమించడం వేరు, సయోధ్య వేరు కూడా. సయోధ్యకు ఇద్దరి మధ్య నమ్మకం మళ్లీ పుట్టాలి. ఆమిష్ ప్రేమ నవల జరిగేదంతా ఈ రెండు ఖాళీల్లోనే. నోటితో క్షమించేసింది, లోపల మంట ఆరలేదు, ఆరనందుకు తన భక్తినే అనుమానించుకుంటుంది. అతని మీది కోపం ఆమెకు ఆధ్యాత్మిక సమస్య అయిపోతుంది. ఇంకో మెట్టు పైన మరో ప్రశ్న ఉంటుంది: క్షమించాను సరే, ఇంకోసారి నా బతుకు అతని చేతిలో పెట్టాలా? దేవుడి ఆజ్ఞ మొదటిదానికే వర్తిస్తుంది. రెండోది పూర్తిగా ఆమె ఇష్టం. నవలలో ఆమెకు దొరికే స్వేచ్ఛ అంతా అక్కడే ఉంది, మంచి రచయిత్రులు దాన్ని జాగ్రత్తగా వాడుకుంటారు.

దీనికి తోడు ఒక గడువు కూడా ఉంది. ఆమిష్‌లు ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి, ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో) పాల్గొంటారు. దానికి సుమారు రెండు వారాల ముందు సంఘమంతా కూర్చుని, కట్టుబాట్లతో అంగీకారంగా ఉన్నామా, ఒకరితో ఒకరు సమాధానంగా ఉన్నామా అని తేల్చుకోవాలి. మనసులో పగ పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదు. గొడవలు మరీ తీవ్రమైతే సంఘం బల్లనే వాయిదా వేసుకోవచ్చు. మాట్లాడుకోని ఇద్దరు పాత ప్రేమికుల సంగతి వాళ్ల సొంత విషయంగా మిగలదు. ‘మీ ఇద్దరి మధ్య ఏమైనా ఉందా?’ అని బిషప్ అడిగే సన్నివేశానికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో ఈ ఆచారం తెలిస్తేనే అర్థమవుతుంది.

మరో నియమం ఇంకా సూక్ష్మమైంది. ఒకడు సంఘం ముందు తప్పొప్పుకుని క్షమ పొందాక, ఆ తప్పును మళ్లీ ఎత్తకూడదన్నది పద్ధతి. ఊరికి సంబంధించినంత వరకు అది ముగిసిన సంగతి. కానీ అతను ఎందుకు వెళ్లాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అడిగితే గతాన్ని తవ్వినట్టు, అడగకపోతే నమ్మకం కుదరనట్టు. ఈ కోవలోని మంచి నవలల్లో పతాక సన్నివేశం ముద్దు కాదు, ఆ ఆలస్యమైన సంభాషణ. కొట్టంలోనో, పాలు పితికే వేళనో, లాంతరు వెలుగులో ఇద్దరూ ఆ ‘ఎందుకు’ను మాట్లాడుకోవడం. శృంగారం ఇంచుమించు లేని ఈ నవలల్లో ఉత్కంఠ అంతా ఆ మాటలు బయటికి వస్తాయా రావా అన్న చోటే ఉంటుంది.

## చదివేవాళ్లు ఏం కోరుకుంటున్నారు

ఈ నవలల పాఠకుల్లో ఎక్కువమంది ఆమిష్‌లు కారు. అమెరికాలోని ఇవాంజెలికల్ (బైబిలుకూ వ్యక్తిగత మారుమనసుకూ ప్రాధాన్యమిచ్చే) క్రైస్తవ స్త్రీలు. వీవర్-జర్చర్ తన పుస్తకంలో ముఖ్యంగా రెండు కారణాలు చూపింది. ఒకటి, జీవితం ఊపిరాడనంత వేగంగా మారిపోవడం. రెండోది, చుట్టూ ఉన్న సంస్కృతి అంతా లైంగికతతో నిండిపోయిందన్న విసుగు. కూతురికో తల్లికో నిస్సంకోచంగా ఇవ్వగల ప్రేమ కథ వాళ్లకు కావాలి.

రెండో అవకాశం కథ వాళ్లకు ఎక్కువ దగ్గరవడానికి మతపరమైన కారణం కూడా కనిపిస్తుంది. ఇవాంజెలికల్ విశ్వాసానికి కేంద్రం కృప. పాపి తిరిగొస్తాడు, తండ్రి ఎదురెళ్లి హత్తుకుంటాడు. తప్పిపోయిన కుమారుడి ఉపమానమే ఆ నవలల్లో ప్రేమ కథ రూపం తొడుక్కుంటుంది. అందుకే అందులో రెండో అవకాశం ఒకేసారి మూడు చోట్ల జరుగుతుంది: ప్రియురాలి దగ్గర, సంఘం దగ్గర, దేవుడి దగ్గర.

ఇక్కడే నవల ఆమిష్ విశ్వాసం నుంచి పక్కకు తప్పుకుంటుంది కూడా. ‘నాకు రక్షణ (పాప విముక్తి) కలిగింది’ అని ధీమాగా చెప్పడం ఆమిష్‌ల దృష్టిలో గర్వం. దేవుడి తీర్పుకు తలవంచి, ఆశతో బతకడమే వినయం. నవలల్లోని నాయికలు మాత్రం చాలాసార్లు దేవుడితో సొంత స్నేహితుడితో మాట్లాడినట్టు మాట్లాడతారు, ఒక్క క్షణంలో మనసు వెలిగిపోయే అనుభవం పొందుతారు. టోపీ ఆమిష్‌ది, ప్రార్థన పాఠకురాలిది.

## నవలలో లేనివి

ప్రేమ కోసం ఆమిష్ అయిపోయే బయటి మనిషి నవలల్లో తరచూ కనిపిస్తాడు. బయటి మనిషి చేరి, భాష నేర్చుకుని, కడదాకా నిలిచిన సందర్భాలు నిజ జీవితంలో బాగా అరుదు. వెలి కూడా నవలలో చివరి అధ్యాయానికల్లా తొలగిపోతుంది. నిజ జీవితంలో అది దశాబ్దాలు కొనసాగవచ్చు. తల్లి అంత్యక్రియలప్పుడు కూడా వేరే బల్ల దగ్గర కూర్చున్న పిల్లలున్నారు.

అన్నిటికన్నా ఆలోచించాల్సింది క్షమ చీకటి వైపు. తప్పొప్పుకున్నాక మళ్లీ ఎత్తకూడదన్న నియమం ప్రేమ కథలో అందంగా ఉంటుంది. అదే నియమం ఇంట్లో హింస, పిల్లలపై లైంగిక దాడి జరిగిన చోట బాధితుల నోరు మూయించే పనిముట్టుగా మారిందని, క్షమించి మరిచిపొమ్మని ఒత్తిడి తెచ్చారని సంఘం వదిలి బయటికొచ్చిన స్త్రీలు కొన్నేళ్లుగా చెబుతున్నారు. కొన్ని కేసులు కోర్టుల దాకా వెళ్లాయి. ఈ విషయాన్ని ముట్టుకునే నవలలు లేకపోలేదు, కానీ తక్కువ. క్షమించడానికీ మళ్లీ నమ్మడానికీ మధ్య గీత గీసి, ఆ గీత ఎక్కడ గీయాలో నిర్ణయించే హక్కు నాయికకే ఇచ్చిన నవల, వినోదం కోసం రాసినదైనా, ఒక అవసరమైన మాట చెబుతున్నట్టే. ఆ గీతే లేకుండా క్షమ నుంచి నేరుగా పెళ్లికి దూకే నవలతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

ఆమిష్ స్త్రీలు కూడా వీటిని చదువుతారు. కొందరికి నచ్చుతాయి, మరికొందరు తమ జీవితం ఇలా ఉండదని అంటారు. స్వయంగా ఆమిష్ అయిన లిండా బైలర్ లాంటి రచయిత్రుల పుస్తకాల్లో తేడా తెలుస్తుంది. బిషప్‌తో వాదనలు, బయటి ప్రపంచపు ఆకర్షణ తక్కువగా ఉంటాయి. కోడళ్ల పనులు, అప్పులు, అలసట, గుర్రాల సంగతులు ఎక్కువగా ఉంటాయి.

ఇక నిజంగా జరిగే రెండో పెళ్లిళ్ల విషయానికి వస్తే, అవి మొదటి పెళ్లిళ్లంత పెద్దవి కావు. అతిథులు తక్కువ, హడావుడి తక్కువ. నవంబర్ కోసం ఆగాలన్న పట్టింపు కూడా అంతగా ఉండదు. భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లు వేర్వేరు రాష్ట్రాల నుంచి ఒకే కవరులో చుట్టుతిరిగే ఉత్తరాలు రాసుకుంటారు. ఒక్కొక్కరు పాత కాగితం తీసేసి తన కొత్త కబురు పెట్టి, తర్వాతి ఆమెకు పంపుతుంది. ఒహాయోలోని షుగర్‌క్రీక్ నుంచి 1890 నుంచీ వస్తున్న ‘ద బడ్జెట్’ పత్రికలో ఊరూరి నుంచి వచ్చే ఉత్తరాల్లో వాన, పంట, పుట్టుక, చావు మధ్యన ఇలాంటి పెళ్లి కబురు కూడా ఉంటుంది. ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఎవరి ఇంట్లో జరిగింది అన్నంతవరకే రాస్తారు. వాళ్లిద్దరికీ అంతకుముందు పరిచయం ఉందా, ఉంటే ఎప్పటిదన్నది ఆ ఉత్తరం రాసేవాళ్లు చెప్పరు.